దిద్దే చూపు, మెచ్చే చూపు: ‘కన్యాశుల్కం’లో శిక్షణ సంబంధాలు

ఉపోద్ఘాతం

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మీద వచ్చిన విమర్శలో గిరీశానికి దక్కిన చోటు వెంకటేశానికి దక్కలేదు. గిరీశం వాక్చాతుర్యం, అతని ఆంగ్లాంధ్ర సంకర భాష, సంస్కరణోద్యమాన్ని అతడు వాడుకున్న తీరు విస్తృతంగా చర్చకు వచ్చాయి. వెంకటేశం మాత్రం ఆ చర్చలో గిరీశం మాటలకు గోడలాగా, ప్రతిధ్వని వినిపించే పాత్రగా మిగిలిపోయాడు. అయితే నాటకం తెర తీయగానే ప్రేక్షకుని ఎదుట నిలిచే మొదటి మానవసంబంధం ఈ ఇద్దరిదే. అది ప్రేమ సంబంధం కాదు, బంధుత్వమూ కాదు. ఒకరు నేర్పుతున్నానని చెప్పుకునే, మరొకరు నేర్చుకుంటున్నానని నమ్మే సంబంధం. ఇటువంటి సంబంధమే కరటకశాస్త్రికి, అతని శిష్యుడు మహేశానికి మధ్య ఉంది. మధురవాణికి ఆమె తల్లికి మధ్య, చివరి అంకంలో మధురవాణికి సౌజన్యారావు పంతులుకు మధ్య కూడా రూపం మార్చుకుని ఇదే కనిపిస్తుంది.

మరొక మనిషి దగ్గర కూర్చుని నేర్చుకోవడం వల్ల కలిగే మేలు ఏమిటి, ఆ మేలు ఎక్కడ చెడుతుంది అన్న ప్రశ్నను ‘కన్యాశుల్కం’ ఈ సంబంధాల ద్వారా వేస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గిరీశాన్ని ఆంగ్ల విద్యకు వ్యంగ్యచిత్రంగా మాత్రమే చదివితే ఈ ప్రశ్న మరుగున పడుతుంది. నాటకం ఎత్తిచూపేది ఆంగ్ల విద్యలోని లోపాన్ని కాదు, దిద్దుబాటు లేని విద్యలోని ప్రమాదాన్ని. ఈ పరిశీలనకు 1909లో వెలువడిన, ఏడు అంకాల ద్వితీయ ముద్రణ పాఠమే ఆధారం. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయిన తొలి రూపం కంటే ఇది ఎంతో పెరిగిన రచన. మధురవాణి పాత్ర విస్తరించింది కూడా ఇందులోనే.

శిక్షణ: మాట, కొలబద్ద

తెలుగులో ‘శిక్ష’ అనే మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి నేర్పడం, రెండవది దండించడం. సంస్కృతంలో ఈ పదం శక్తిని సూచించే ధాతువు నుంచి, చేయగలగాలనే కోరికను తెలిపే రూపంగా ఏర్పడింది. అంటే మూలార్థంలో శిక్ష శిష్యునిలోని కోరికకు పేరు. దండన అర్థం తర్వాత వచ్చి చేరింది. అరబ్బీ, పారసీకాల దారిన వచ్చిన ‘తర్ఫీదు’లో పెంపకమనే భావం ఉంది. ‘గురుముఖతః’ అన్న మాటలో గ్రంథం ఒక్కటే చాలదన్న నమ్మకం ఉంది. ఈ మూడు మాటల్లోనూ మరొక మనిషి ఉనికి తప్పనిసరి.

విద్యలో పాదం ఆచార్యుని వల్ల, పాదం సొంత బుద్ధి వల్ల, పాదం సహాధ్యాయుల వల్ల, మిగిలిన పాదం కాలక్రమాన లభిస్తుందని ఒక ప్రసిద్ధ సంస్కృత సూక్తి భావం. ఆచార్యునికి పావువంతే దక్కడం అతన్ని తగ్గించడం కాదు. ఆ పావువంతు మిగతా మూడింటి నుంచి పుట్టేది కాదని చెప్పడం. సొంత బుద్ధి ఎంత చురుకైనదైనా తన తప్పును తాను వెనుక నుంచి చూడలేదు. సహాధ్యాయి చూడగలిగినా, అతనిదీ అదే మెట్టు కనుక తప్పును తప్పుగా గుర్తించలేకపోవచ్చు. కాలం తప్పును బయటపెడుతుంది కాని, చాలాసార్లు దిద్దుకునే అదను దాటిన తర్వాత బయటపెడుతుంది. కనుక ఆచార్యుని పాదం ప్రధానంగా దిద్దుబాటు.

ఈ అవగాహన నుంచి మూడు ప్రమాణాలను ఏర్పరచుకోవచ్చు. నేర్పేవాడు నేర్చేవాని దోషాన్ని చూస్తున్నాడా, చూసి చెబుతున్నాడా అన్నది మొదటిది. నేర్చినదాన్ని నేర్పినవాడు కాక మరొకరు పరీక్షించే వీలుందా అన్నది రెండవది. ఫలితం వికటిస్తే ఆ నష్టంలో నేర్పినవానికి పాలుందా అన్నది మూడవది. ‘కన్యాశుల్కం’లోని సంబంధాలను ఈ మూడింటితో తూచి చూస్తే నాటక నిర్మాణంలో ఇంతవరకు అంతగా గమనించని ఒక సమాంతరత బయటపడుతుంది.

గిరీశం, వెంకటేశం: మెచ్చే చూపు

నాటకారంభంలో వెంకటేశం పరీక్ష తప్పినవాడు, ఇంటికి వెళ్లడానికి జంకుతున్నవాడు. గిరీశం అప్పులవాళ్లకు దొరక్కుండా ఊరు విడిచిపోవాలని చూస్తున్నవాడు. సెలవుల్లో చదువు చెప్పే నెపంతో శిష్యుని వెంట కృష్ణరాయపురం అగ్రహారానికి చేరడం ఇద్దరి అవసరాలూ కలిసిన చోట పుట్టిన ఏర్పాటు. ఇక్కడ గమనించవలసింది శిష్యుని వైఫల్యం పట్ల గురువు వైఖరి. పరీక్ష ఎందుకు తప్పింది, ఏ పాఠం రాలేదు, ఏది మళ్లీ చదవాలి అన్న ప్రశ్నలు గిరీశం నోట రావు. వైఫల్యం అతనికి విద్యా సమస్య కాదు, ప్రయాణానికి దొరికిన సాకు.

ఈ తొలి రంగంలోనే గురజాడ రెండు వాదాలను ఎదురెదురుగా నిలిపారు. గిరీశం దగ్గర తనకు అబ్బింది చుట్ట కాల్చడమొక్కటేనని వెంకటేశం ఫిర్యాదు చేస్తాడు. తనతో మాట్లాడటమే ఒక విద్య అని గిరీశం సమాధానం. సాధారణంగా ఇది హాస్యంగా పరిగణన పొందుతుంది, అది నిజమే. అయితే వెంకటేశం మాటలో ఒక శిష్యుడు తన గురువును మదింపు చేసిన తీరు ఉంది. నాటకం మొత్తంలో గిరీశం బోధన మీద వచ్చిన అత్యంత కచ్చితమైన తీర్పు అదే. ఆ తీర్పు చెప్పింది పరీక్ష తప్పిన కుర్రవాడు కావడం గురజాడ చమత్కారం. గిరీశం ఇచ్చిన సమాధానం కూడా పూర్తిగా అబద్ధం కాదు. పెద్దవాని సాంగత్యమే చదువు అన్న భావనకు మన గురుకుల సంప్రదాయంలో గట్టి పునాది ఉంది. గురువు ఇంట ఉండటం, గురువు మాట వినడం, గురువు నడతను చూడటం ఆ సంప్రదాయంలో పాఠంలో భాగాలు. గిరీశం ఆ పాత భావనను అరువు తెచ్చుకుని, అందులోని సేవను, అభ్యాసాన్ని, దిద్దుబాటును తీసివేసి, సాంగత్యాన్ని మాత్రం మిగిల్చాడు. అతని మోసం బలం అక్కడుంది. పూర్తిగా కల్పించిన మాటకంటే నిజంలోంచి సగం తీసుకున్న మాట ఎక్కువమందిని నమ్మిస్తుంది.

అగ్రహారంలో తల్లిదండ్రుల ఎదుట గురుశిష్యులు జరిపే ఆంగ్ల సంభాషణ రెండవ ప్రమాణానికి సంబంధించిన రంగం. చిన్నపిల్లల గేయం, బడిపుస్తకంలోని పద్యపాదాలు, రేఖాగణిత వాక్యం, వ్యాకరణ సూత్రం ఇవన్నీ ఒకదానికొకటి పొంతన లేకుండా సంభాషణలాగా దొర్లుతాయి. కొడుకు దొరల భాష మాట్లాడుతున్నాడని వెంకమ్మ మురిసిపోతుంది. ఈ రంగంలో హాస్యం పుట్టేది వెంకటేశానికి ఇంగ్లీషు రాకపోవడం వల్ల మాత్రమే కాదు. రాకపోయినా చెల్లిపోవడం వల్ల. పరీక్షకుని స్థానంలో కూర్చున్నవారికి పరీక్షించే సాధనం లేదు. బడిలో పరీక్ష ఉంది. దానిలో వెంకటేశం తప్పాడు. ఇంట్లో పరీక్ష లేదు. ఇక్కడ నెగ్గాడు. రెండు చోట్లా అతనికి వచ్చిన విద్య ఒకటే. మారింది చూసేవారి చూపు. ఇంత సూక్ష్మమైన విషయాన్ని గురజాడ ఒక వ్యాఖ్య కూడా చేర్చకుండా రంగం మీద చూపించారు.

ఈ సంభాషణలో గిరీశం పాత్రను మరికొంత దగ్గరగా చూడాలి. అతడు శిష్యుని వాక్యాలను దిద్దడు. ప్రతి వాక్యానికీ తన వంతు వాక్యాన్ని అందించి, శిష్యుడు పడిపోకుండా పట్టుకుంటాడు. నాటక పరిభాషలో చెప్పాలంటే అతడు మంచి సహనటుడు. సహనటుని పని దోషాన్ని కప్పడం, గురువు పని దోషాన్ని చూపడం. గిరీశం మొదటి పనిలో అసాధారణ నేర్పరి కనుకనే రెండవ పని చేయలేడు. దోషాన్ని చూపితే తన లోటు కూడా బయటపడుతుంది.

అయినా ఈ సంబంధాన్ని పూర్తిగా కొట్టివేయడం నాటకానికి న్యాయం చేయదు. కొడుకు చదువు అగ్నిహోత్రావధానులుకు ప్రధానంగా ఖర్చుగా కనిపిస్తుంది. తల్లికి అది గొప్పగా కనిపిస్తుంది. వెంకటేశంతో కూర్చుని, అతని మాట విని, అతనికి బదులు చెప్పే పెద్దమనిషి గిరీశం ఒక్కడే. కోపిష్టి తండ్రికి, శిష్యునికి మధ్య అడ్డు నిలిచేదీ అతడే. ఓటమితో కుంగిన బాలునికి మెప్పు కూడా అవసరమే. శిష్యునికి గురువు మీద గురి కుదరడానికి ఆ ఆదరణే కారణం. మెచ్చుకోలు చెడ్డదని నాటకం అనడం లేదు. దిద్దుబాటు స్థానాన్ని మెచ్చుకోలు ఆక్రమించినప్పుడు ఏమవుతుందో చూపుతున్నది.

వినికిడి విద్య: బుచ్చమ్మ

గిరీశం పాఠాలకు అసలు శ్రోత వెంకటేశం కాదు. శిష్యునికి చెబుతున్నట్లుగా సాగే వితంతు వివాహ ప్రసంగాలు అతని అక్క బుచ్చమ్మ చెవిన పడాలని ఉద్దేశించినవి. ఇక్కడ శిష్యుడు సాధనం అవుతాడు. గురువు అతని ముఖం వైపు తిరిగి, అతనికి వెనకగా ఉన్న మరొకరితో మాట్లాడుతుంటాడు. శిక్షణ సంబంధంలో ఇంతకంటె లోతైన ద్రోహం లేదు. నేర్చుకునేవాడు ఆ సమయానికి అక్కడ లేనివాడైపోయాడు. చివరకు గిరీశం లేవదీసుకుపోయింది శిష్యుని తోబుట్టువునే.

బుచ్చమ్మ వైపు నుంచి చూస్తే ఇది మరింత బరువైన విషయం. ఆమె ఆ ఇంట్లో చదువుకు హక్కు లేని మనిషి. తమ్ముడికి పుస్తకాలు, బడి, గురువు ఉన్నారు. ఆమెకు వంటిల్లు, వైధవ్యం ఉన్నాయి. తమ్ముని పాఠాన్ని చాటుగా వినడమొక్కటే ఆమెకు దొరికిన చదువు. వెంకటేశం శ్రద్ధ లేని శిష్యుడైతే, బుచ్చమ్మ శ్రద్ధ ఉన్న, గుర్తింపు లేని శిష్యురాలు. తన జీవితం గురించి మొదటిసారిగా ఎవరో మాట్లాడుతుంటే ఆమె వింటుంది. ఆ మాట్లాడేవాడు వంచకుడు కావడం ఆమె తప్పు కాదు. విన్న మాటను సరిచూసుకోవడానికి ఆమెకు మరొక గురువు, మరొక పుస్తకం, తోటి విద్యార్థిని ఎవరూ లేరు. పై సూక్తిలోని నాలుగు పాదాల్లో ఆమెకు మిగిలింది సొంత బుద్ధి, కాలం. మొదటిదానికి అభ్యాసం లేదు. రెండవది వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

సుబ్బి సంగతి ఇంకా దయనీయం. ఆమె చుట్టూ బేరాలు, కుట్రలు, ప్రయాణాలు సాగుతాయి. ఆమెకు ఎవరూ ఏమీ నేర్పరు. లుబ్ధావధానుల కూతురు మీనాక్షి కూడా వైధవ్యంలో, రామప్పంతులు మాటలకు లోబడి, మంచిచెడులు చెప్పే మనిషి లేక బతుకుతున్నదే. శిక్షణ విలువను నాటకం రెండు విధాల కొలుస్తున్నదని ఇక్కడ స్పష్టమవుతుంది. ఒకటి శిక్షణ ఉన్నచోట దాని తీరును చూపడం. రెండవది లేనిచోట ఆ ఖాళీని చూపడం. ఆ ఖాళీ దాదాపు ప్రతిసారీ ఆడపిల్లల బతుకుల్లోనే కనిపించడం యాదృచ్ఛికం కాదు.

కరటకశాస్త్రి, మహేశం: దిద్దే చూపు

వెంకమ్మ అన్నగా, మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టే సంబంధాన్ని తప్పించాలని కరటకశాస్త్రి పూనుకుంటాడు. అందుకు తన శిష్యునికి ఆడపిల్ల వేషం వేయించి, తన కూతురిగా చూపి, తక్కువ ధరకు బేరం పెట్టి, లుబ్ధావధానులకు పెళ్లి చేయిస్తాడు. శాస్త్రి రాజాస్థానంలో విదూషక పాత్ర ధరించే నటుడు. మహేశం స్త్రీ వేషాలకు అలవాటుపడ్డ కుర్రవాడు. అంటే వీరి గురుశిష్య సంబంధానికి పునాది నటన.

ఈ జంటను గిరీశం, వెంకటేశాల జంటకు ఎదురుగా నిలిపి చూడటం అవసరం. రెండు జంటలూ ఆడేది వేషమే. రెండింటి లక్ష్యమూ ఎదుటివారిని నమ్మించడమే. రెండు చోట్లా మోసపోయేది కన్యాశుల్కానికి సిద్ధపడ్డ ఒక అవధానే. కనుక సత్యం, అసత్యం అనే గీత గీసి ఈ ఇద్దరు గురువులను వేరు చేయడం కుదరదు. గురజాడ ఆ సులభమైన మార్గాన్ని కావాలనే మూసివేసినట్లు కనిపిస్తుంది. ఇద్దరూ మోసం నేర్పుతున్నప్పుడు ఒకరి శిష్యుడు గట్టిగా నిలబడటానికి, మరొకరి శిష్యుడు తేలిపోవడానికి కారణం ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది.

సమాధానం పై మూడు ప్రమాణాల్లో ఉంది. మహేశం చేయవలసిన పని కచ్చితమైనది. ఆడపిల్లలా నడవాలి, మాట్లాడాలి, ఒక ఇంట్లో రోజులు గడపాలి. అందులో ఏ చిన్న పొరపాటు జరిగినా కప్పిపుచ్చడానికి పక్కన గురువు ఉండడు. కనుక దోషం ముందుగానే తెలియాలి, ముందుగానే దిద్దుకోవాలి. వేషాన్ని చూసే కళ్లు కూడా అమాయకమైనవి కావు. డబ్బు లెక్కల్లో ఆరితేరిన లుబ్ధావధానులు, లోకం చూసిన రామప్పంతులు, ఇంట్లో తోటి ఆడమనిషిగా మెలగవలసిన మీనాక్షి, అందరి కంటే సునిశితంగా చూడగల మధురవాణి ఆ పరీక్షకులు. వెంకటేశం పరీక్ష తల్లి మురిపెం ముందు జరిగింది. మహేశం పరీక్ష అనుమానించే లోకం ముందు జరిగింది. ఇక మూడవ ప్రమాణం: పథకం బయటపడితే శిష్యునితో పాటు గురువూ చిక్కుల్లో పడతాడు. పని నెగ్గితే తన కూతురిని శిష్యునికే ఇచ్చి పెళ్లి చేస్తానన్న మాటతో శాస్త్రి తన కుటుంబాన్ని కూడా ఈ సంబంధంలో ఒడ్డాడు. గిరీశం ఒడ్డింది ఏమీ లేదు.

ప్రదర్శన పరంగా మరొక విషయం ప్రస్తావించాలి. ఆ కాలపు రంగస్థలం మీద స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. మధురవాణి పాత్రను ఒక పురుషుడు ధరిస్తే, ఆ మధురవాణి విశాఖపట్నంలో మగవేషం వేస్తుంది. అదే రంగస్థలం మీద మహేశం పాత్రధారి ఆడవేషం వేస్తాడు. మధురవాణి స్త్రీత్వాన్ని ప్రేక్షకుడు నిజమని, మహేశం స్త్రీత్వాన్ని వేషమని వెంటవెంటనే నమ్మాలి. అంటే ఇద్దరు నటులు రెండు వేర్వేరు స్థాయిల్లో స్త్రీత్వాన్ని అభినయించాలి. ఈ తేడాను ఏ నటుడూ తన అద్దం ముందు ఒంటరిగా నిలబడి సాధించలేడు. ఎదురుగా కూర్చుని, ఇక్కడ ఎక్కువైంది, అక్కడ తక్కువైంది అని చెప్పే కన్ను కావాలి. మహేశం కథ ఆ విధంగా నాటక శిక్షణ గురించి నాటకంలోపలే చెప్పిన కథ.

అయితే కరటకశాస్త్రిని ఆదర్శ గురువుగా నిలబెట్టడం కూడా పొరపాటే. పెళ్లికూతురు మాయమైన తర్వాత ఏమవుతుందో అతడు ఆలోచించలేదు. ఆమెను చంపారన్న అభియోగం లుబ్ధావధానుల మీదికి వస్తుంది. అతని లోభానికి అది తగిన శిక్ష కాదు. శిష్యుని ప్రతి అడుగునూ దిద్దిన శాస్త్రికి తన పథకంలోని లోపం కనబడలేదు. దిద్దేవానికి కూడా దిద్దేవారు కావాలి. ఆ స్థానంలోకి నాటకం మధురవాణిని తెస్తుంది.

మధురవాణి: శిష్యురాలు, గురువు

మధురవాణికి వృత్తి నేర్పింది తల్లి. ఆ నేర్పులో సొమ్ము సంపాదించే ఉపాయాలతో పాటు ఒక నియమం కూడా ఉంది. చెడని మనిషిని చెడగొట్టవద్దన్నది తల్లి చెప్పిన మాట. సౌజన్యారావు తన వ్రతం విడవడానికి సిద్ధపడ్డ క్షణంలో మధురవాణి ఆ మాటను జ్ఞాపకం చేసుకుని వెనక్కు తగ్గుతుంది. ఈ ఘట్టాన్ని ఆమె ఔదార్యానికి నిదర్శనంగా చూడటం పరిపాటి. దీనికి మరొక పార్శ్వం ఉంది. ఇంగ్లీషు చదువు, శాస్త్ర చదువు, న్యాయశాస్త్రం నేర్చినవాళ్లున్న ఈ నాటకంలో, నేర్పినవారు దగ్గర లేనప్పుడు కూడా పనిచేసిన విద్య ఒక వేశ్య తన కూతురికి నేర్పినదే. శిక్షణకు అంతిమ పరీక్ష అది. దిద్దే గొంతు కొంతకాలానికి నేర్చినవారి లోపలి గొంతుగా మారాలి. వెంకటేశంలో గిరీశం గొంతు చుట్టపొగగా మిగిలింది. మధురవాణిలో తల్లి గొంతు నియమంగా నిలిచింది.

సౌజన్యారావుతో ఆమె సంభాషణలో గురుశిష్య స్థానాలు తారుమారవుతుంటాయి. అతడు విద్యావంతుడు, వకీలు, సచ్ఛీలుడు. వేశ్యలను చూడరాదన్న పట్టుదల గలవాడు. అతని సుగుణాలను చుట్టుపక్కలవారు గౌరవిస్తారు కనుకనే వాటిలోని లోటును అతనికి చెప్పేవారు లేరు. ఒక వృత్తిని అసహ్యించుకోవడంలో ఆ వృత్తిలో ఉన్న మనిషిని అతడు చూడటం మానేశాడు. మధురవాణి మగవేషంలో వచ్చి, ముందుగా మాటతో అతన్ని మెప్పించి, తర్వాత తానెవరో తెలిపి, ఆ లోటును అతనికే చూపిస్తుంది. తన కంటె తక్కువదని తాను తలచినవారి ద్వారా పొందిన దిద్దుబాటు అది. సౌజన్యారావు ఆమెకు భగవద్గీతను అందిస్తాడు. ఆమె అతనికి లుబ్ధావధానుల కేసులోని నిజాన్ని, గిరీశం గతాన్ని అందిస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరు గురువు, ఎవరు శిష్యులు అన్నది తేల్చవలసిన అవసరం లేదు. ఇద్దరిలో ఎవరూ రెండవవారి లోటును కప్పిపుచ్చలేదన్నదే ప్రధానం.

గిరీశం కథ ఇక్కడే తలకిందులవుతుంది. అంతవరకు అతన్ని చూసినవారిలో మురిసిపోయేవారు, అవసరం కొద్దీ నమ్మినవారు, కోపంతో వెంటాడినవారు ఉన్నారు. అతన్ని నిలబెట్టి, నీ మాటకు, నీ నడతకు పొంతన లేదని, వినక తప్పని స్థానం నుంచి చెప్పినవారు లేరు. సౌజన్యారావు అభిమానానికి దూరం కావడంలో అతనికి తొలిసారిగా ఆ దిద్దుబాటు ఎదురవుతుంది. అతడు దాన్ని విద్యగా స్వీకరిస్తాడా, ప్రమాదంగా భావించి తప్పించుకుంటాడా అన్నది నాటకం తేల్చదు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలన్న నిర్ణయం మాత్రం ఈ వ్యాస దృష్టికి ముఖ్యమైనది. ఆ నిర్ణయం ఆమెను ఒక భర్త దగ్గరికి కాక, చదువుకునే చోటికి పంపుతున్నది. అంతవరకు చాటునుంచి వినవలసి వచ్చిన మనిషికి పాఠం ముందు కూర్చునే చోటు దొరుకుతున్నది. ఆ నిర్ణయం కూడా ఆమెను అడిగి చేసింది కాదన్న విమర్శకు అవకాశం ఉంది. సంస్కర్త దయలోనూ శిష్యురాలి ఇష్టానికి చోటు తక్కువేనని నాటకం మనకు గుర్తు చేస్తూనే ఉంది.

రెండు ఆక్షేపణలు

ఈ పఠనం నాటకాన్ని నీతిబోధగా కుదిస్తుందని ఒక ఆక్షేపణ రావచ్చు. వెల్చేరు నారాయణరావు తమ ఆంగ్లానువాదం ‘గర్ల్స్ ఫర్ సేల్’ (2007) వెనుక మాటలో ఈ నాటకాన్ని సంఘసంస్కరణ ప్రచారంగా చదివే అలవాటును ప్రశ్నించారు. ఆ హెచ్చరిక సబబైనది. అయితే శిక్షణ సంబంధాలను పరిశీలించడం నీతి తేల్చడానికి కాదు, నిర్మాణాన్ని చూడటానికి. నాటకంలో మంచి గురువు, చెడ్డ గురువు అన్న విభజన లేదు. గిరీశంలో ఆదరణ ఉంది, శాస్త్రిలో ముందుచూపు లోపం ఉంది, సౌజన్యారావులో దురభిప్రాయం ఉంది. ప్రతి గురువులోనూ ఒక లోటు, ఆ లోటు ఎవరి కంట పడుతుందన్న ప్రశ్న ఉన్నాయి. ఆ ప్రశ్నే కథను ముందుకు నడుపుతున్నది.

గిరీశం ఆంగ్ల విద్యకు ప్రతినిధి కాడా అన్నది రెండవ ఆక్షేపణ. అతడు ఆ విద్య తాలూకు ఒక రూపానికి ప్రతినిధి అన్నంతవరకు అంగీకరించవలసిందే. కాని సౌజన్యారావు కూడా ఆంగ్ల విద్యావంతుడే. గురజాడ స్వయంగా విజయనగరం మహారాజా కళాశాలలో బోధించినవారు. రచయితగా వారు తొలుత ఆంగ్లంలో ‘సారంగధర’ కావ్యం రాసినప్పుడు, దాన్ని కలకత్తా పత్రిక ‘రీస్ అండ్ రయ్యత్’లో పునర్ముద్రించిన సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ ఆ ప్రతిభను మెచ్చుకుంటూనే, మాతృభాషలో రాయమని సలహా ఇచ్చిన సంగతి గురజాడ జీవిత చరిత్రలో సుప్రసిద్ధం. మెప్పు, దిద్దుబాటు ఒకే మనిషి నుంచి ఒకేసారి అందిన సందర్భం అది. రచయిత జీవితాన్ని రచనకు తాళంచెవిగా వాడటం సరికాకపోయినా, మెచ్చే చూపుకు, దిద్దే చూపుకు గల తేడా గురజాడకు అనుభవంలో తెలిసినదనడానికి ఈ ఉదాహరణ చాలు. ఆంగ్లం నేర్చినవారిలో గిరీశాలూ, సౌజన్యారావులూ ఉన్నప్పుడు, తేడాకు కారణాన్ని భాషలో కాక నేర్చిన తీరులో వెతకడమే సమంజసం.

ముగింపు

విద్యాలయాల్లో ‘కన్యాశుల్కం’ పాఠ్యభాగంగా వచ్చినప్పుడు తరచు గిరీశం, వెంకటేశాల సంభాషణలనే హాస్యానికి మచ్చుగా ఎంపిక చేస్తారు. ఆ రంగాలను మహేశం, బుచ్చమ్మ, మధురవాణి రంగాల నుంచి విడదీసి చదివినప్పుడు గిరీశం ఆకర్షణ మాత్రమే మిగులుతుంది. నవ్వు వెంకటేశం మీదికి మళ్లుతుంది. తరగతి గది తెలియకుండానే వెంకమ్మ స్థానంలో కూర్చుంటుంది. అందువల్ల నష్టపోయేది నాటకం ఒక్కటే కాదు. పాఠం నేర్పేవారికి, నేర్చుకునేవారికి మధ్య ఏది ఉండాలన్న ప్రశ్నను తెలుగులో ఇంత నిశితంగా వేసిన రచన చేతిలో ఉండి కూడా, ఆ ప్రశ్న తరగతిలో వినబడకుండా పోతుంది.

మరొక మనిషి వద్ద నేర్చుకోవడం విలువ అతడు మనకంటే ఎక్కువ తెలిసినవాడు కావడంలోనే లేదని ఈ పరిశీలన వల్ల తేలుతున్నది. మధురవాణి న్యాయశాస్త్రం తెలిసి సౌజన్యారావును దిద్దలేదు. అతనికి కనబడనిది ఆమెకు కనబడింది, కనబడినదాన్ని ఆమె చెప్పింది. గిరీశానికి వెంకటేశం కంటే ఎంతో తెలుసు, కాని కనబడినదాన్ని అతడు చెప్పలేదు. ఆచార్యుని పాదం జ్ఞాన పరిమాణం కాదు. శిష్యుని ఎదుట నిలబడి, అతడు తనను తాను చూసుకోలేని వైపు నుంచి చూసి, ఆ చూసినదానికి బాధ్యత వహించడం. వెంకటేశానికి ఆ పాదం అందలేదు. నాటకం ముగిసేసరికి అతని చదువు ఏమైందో ఎవరూ అడగరు. అతని గురువు అంతకు ముందే అతన్ని మరిచిపోయాడు.